పథ్యం బువ్వ

"నూనె చిట్లింది మేడం. మిర్చి బజ్జీలు ఏస్తుంటె నూనె చిట్లి పిల్ల చేతుల మీద పడ్డది. ఎన్నిసార్లు చెప్పాలె?"

మమత ఈ మాట అనడం పొద్దుటి నుంచి ఇది మూడోసారి. మూడుసార్లూ ఒక్క ముక్క అటూ ఇటూ కాలేదు. బళ్ళో ఎక్కం అప్పజెప్పినట్టు గడగడా చెప్పేసి, చాప మీద తన ఎదురుగా కూర్చున్న పిల్లల సంరక్షణ ఉద్యోగి వాసంతి ముఖం చూడలేక గోడ గడియారం చూసింది. పదకొండుంబావు.

వాసంతి కూడా అదే గడియారం చూసింది. మూడింటికి బాలల సంక్షేమ సమితి కూర్చుంటుంది. ఆలోగా తన నివేదిక పై అధికారి రామబ్రహ్మం గారి బల్ల మీద ఉండాలి. మమత కూతురు హర్షిణి ఇంటికి రావాలా, సదనాల పాలవ్వాలా అన్నది ఆ నాలుగు కాగితాలే తేలుస్తాయి. నాలుగింట్లో మూడు ఇంకా తెల్లగానే ఉన్నాయి.

"నూనె చిట్లితే ఎక్కడపడితే అక్కడ పడుతుంది కదమ్మా," అంది వాసంతి మెల్లగా. "పాప చేతుల మీద అలా లేవు. రెండు మణికట్ల లోపలివైపు, చెరి రెండు. బఠానీ గింజంత. పక్కపక్కనే, కొలిచి పెట్టినట్టు."

మమత కొంగు అంచు వేలికి చుట్టుకుంది.

మంగళవారం బళ్ళో ప్రియదర్శిని టీచరు ఆ మచ్చలు చూసి హడలిపోయి పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసింది. పరీక్షించిన డాక్టరు 'కావాలని కాల్చినవి, సిగరెట్టు కావచ్చు' అని రాశాడు. ఆ సాయంత్రమే ఏడేళ్ళ హర్షిణిని ప్రగతి నగర్ చెరువు అవతలి బాలికల సదనంలో చేర్చారు. చేయి పట్టుకుని తీసుకెళ్ళి చేర్చింది వాసంతే. ఆ చేయి వదిలించుకుని గోడ వైపు తిరిగి పడుకున్న పిల్ల, ఇవాళ గురువారం దాకా ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు.

"సిగరెట్టంటరు, గంతేనా?" గుమ్మంలో నిలబడ్డ ఆకాష్ ఒక్కసారిగా విరుచుకుపడ్డాడు. క్యాబు తోలే మనిషి, రెండు రోజులుగా బండి తీయలేదు. "అవును, తాగుత. బండి పక్కకు ఆపి తాగుత. గంతమాత్రాన కన్నబిడ్డను కాలుస్తనా? నిన్న స్టేషన్ల గదే అడిగిండ్రు. ఇయ్యాల మీరు గదే అడుగుతున్రు!"

"నేను అడగలేదు బాబూ."

"అడగకుంటనే అడుగుతున్రు!"

"నువ్వు ఊకో," అంది మమత. "నీ లొల్లికి గల్లీ అంత జమైతుంది."

"నేను ఊకోవాల్నా? ఇంట్ల ఉన్నవా నువ్వు? ఆదివారం గూడ డ్యూటీ డ్యూటీ అనుకుంట పోతివి."

"నువ్వున్నవా మరి? ఎయిర్‌పోర్ట్ ట్రిప్పని పోతివంటె రెండొద్దులకు మొఖం సూపిస్తవ్. నేను ఆ టవర్ల పన్నెండంతస్తులు తుడిచొచ్చేసరికి పిల్ల పండుకుంటది. ఎవలు చూసిండ్రు? చెప్పు, ఎవలు చూసిండ్రు పిల్లను?"

ఆ ప్రశ్నకు జవాబు వంటగట్టు దగ్గర వెనుదిరిగి నిలబడి ఉంది. ఇద్దరికీ తెలుసు. అందుకే ఇద్దరూ ఒక్కసారిగా ఆగిపోయారు.

సీతాబాయి తిరిగి చూడలేదు. అన్నం గరిటెతో మెదుపుతోంది. ఆకాష్ తల్లి ఆమె. కొత్తగూడ ఊరుగా ఉన్నప్పటి మనిషి. ఇంటి చుట్టూ మూడు వైపులా అపార్టుమెంట్లు లేచి, మధ్యాహ్నానికి గానీ వాకిట్లో ఎండ పడని ఈ రెండు గదుల ఇంట్లో, హర్షిణిని పుట్టిన పదకొండో రోజు నుంచీ పెంచింది ఆవిడే. వాసంతి ఈ ఇంటికి రావడం ఇది మూడోసారి. మూడు రాకల్లోనూ సీతాబాయి నోట వచ్చినవి రెండే మాటలు. "కూసో మేడం", "నీళ్ళు తాగు".

ఇలాంటప్పుడు వాసంతి ఏమీ అనదు. అదే ఆమె పద్ధతి. ముందు చాప మీద కూర్చోవాలి, ఇచ్చిన నీళ్ళు తాగాలి, సంచీలోంచి ఫైలు తీయకూడదు. ఆఫీసులో ఆమెను 'ముచ్చట్ల మేడం' అని ఏడిపిస్తారు. రామబ్రహ్మం గారైతే మొన్న మొహం మీదే అనేశారు. "వాసంతి గారూ, మీరు వెళ్ళేది విచారణకండీ, చుట్టరికం కలుపుకోవడానికి కాదు." మనసు విప్పని మనిషి నిజం విప్పదని ఆమె నమ్మకం. పదకొండేళ్ళుగా ఆ నమ్మకం ఆమె పరువు నిలబెడుతూనే వచ్చింది. ఇవాళ మాత్రం గడియారం ఆమె నమ్మకంతో నిమిత్తం లేకుండా పరుగెత్తుతోంది.

పదకొండున్నర అయింది. గల్లీ చివర ఫ్లైఓవర్ మీద బళ్ళ రొద ఒక్కటే వినపడుతోంది.

ఇక లేవాల్సిందే అనుకుంది వాసంతి. నిజం చెప్పనప్పుడు తను రాయగలిగింది ఒక్కటే: 'కుటుంబం సహకరించడం లేదు, పిల్లను ప్రస్తుతం పంపడం క్షేమం కాదు.' సంచీ భుజానికి తగిలించుకుంది.

"జర ఆగు మేడం."

సీతాబాయి. కొంగుతో డబ్బా తుడుస్తూ వచ్చింది. చిన్న స్టీలు డబ్బా, మూత మీద మేకుతో గీకిన 'హ' అక్షరం.

"గిది పిల్లకియ్యి. మజ్జిగ బువ్వ. ఉప్పు గూడ తక్కువేసిన. ఆడ ఏం పెడ్తున్రో ఏమో... సాంబారు, గుడ్డు, నూనె కూరలు పెట్టొద్దని చెప్పు. పసుపైతె అసలే తాకనియ్యొద్దు. ఇంక నాలుగొద్దులు గిట్లనే ఉండాలె."

"అత్తమ్మా!" మమత కేక వేసింది. "నువ్వు ఊకో! నీకు చేతులు జోడిస్త, నువ్వు ఊకో!"

సీతాబాయి ఊరుకుంది. కానీ డబ్బా పట్టుకున్న చేయి వెనక్కి తీసుకోలేదు.

వాసంతి డబ్బా అందుకుంది. మూత తీసింది. పలచటి మజ్జిగలో మెత్తగా నలిపిన అన్నం. పోపు లేదు, మిరప లేదు. పైన ఏదో సన్నని ఆకు నూరిన పచ్చటి ముద్ద, వేలెడంత. ఆ వాసన ముక్కుకు తగలగానే ఆమె ఎక్కడికో వెళ్ళిపోయింది. తెనాలిలో వాళ్ళ పెరటి వంటిల్లు. గచ్చు మీద గొంతుక్కూర్చుని అమ్మ నేల ఉసిరి నూరుతోంది. మంచం మీద తమ్ముడు. 'వాడికి నూనె చుక్క తగిలిందో, చంపేస్తాను ఒక్కొక్కళ్ళని' అంటూ అమ్మ నలభై రోజులు ఆ ఇంట్లో పోపు వాసన రానివ్వలేదు.

"పెద్దమ్మా," అంది వాసంతి. తన గొంతు తనకే వింతగా వినిపించింది. "మా తమ్ముడికి తొమ్మిదేళ్ళప్పుడు మా అమ్మ అచ్చం ఇలాంటి పథ్యమే పెట్టింది. నేల ఉసిరి నూరి మజ్జిగలో ఇచ్చేది. వాడు గోల గోల చేసి ఉమ్మేసేవాడు. వాడికి పచ్చకామెర్లు."

సీతాబాయి తలెత్తింది. మూడు రాకల్లో మొదటిసారి వాసంతిని సూటిగా చూసింది.

"బతికిండా?"

"బతికాడు. ఇప్పుడు ఇద్దరు పిల్లల తండ్రి."

"మీ అమ్మ మంచిగ చూసింది," అంది సీతాబాయి. అలాగే గోడకు జారగిలబడి కింద కూర్చుంది. మోకాళ్ళ మీద రెండు చేతులూ పెట్టుకుని వాటినే చూసుకుంటూ చెప్పింది.

"నేనే పెట్టిన బిడ్డా. కామెర్లు దిగాలని పసుపు కొమ్ము నిప్పుల కాల్చి నేనే చురక పెట్టిన."

"అయిపాయె," అన్నాడు ఆకాష్. "ఇగ అయిపాయె." రెండు చేతులతో తల పట్టుకుని గడప మీద కూలబడ్డాడు. మమత గోడ వైపు తిరిగి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"శనివారం పిల్ల ఒంటికి పోస్తె పచ్చగ పోసింది. బువ్వ వాసనొస్తె వాంతికొస్తుందన్నది. నేను కండ్లు చూసిన. సన్నగ, జరంత పసుపు. ఈళ్ళకు చెప్పిన. ఏం లేదే అమ్మా, నీకు కండ్లు కనిపిస్తలేవన్నరు. దవాఖానకు తోల్కపోండ్రి అంటె, సెలవు దొరికినప్పుడు పోదాం అన్నరు. సెలవు దొరికేదాక రోగం ఆగుతదా? ఆదివారం ఇద్దరు పోయినంక పెట్టిన. పిల్ల ఏడ్సింది. నేనూ ఏడ్సిన." చేతులు తిప్పి అరచేతులు చూసుకుంది. "గీ చేత్తోని ఎంతమందికి పెట్టిన్నో. నల్లగండ్ల నుంచి ఎడ్లబండ్ల మీద తెచ్చేటోళ్ళు పిల్లలను. సీతాబాయి హస్తవాసి మంచిదనేటోళ్ళు. ఇయ్యాల నా చెయ్యి నా పిల్లకే గిట్లాయె."

వాసంతికి ఆవిడ మీద కోపం రాలేదని చెబితే అబద్ధం. వచ్చింది. ఏడేళ్ళ పిల్ల లేత చేతుల మీద నిప్పు! అంత ముద్దుగా పెంచిన మనిషికి చేయి ఎలా ఆడింది? ఆ కోపం నోటిదాకా వచ్చేలోపే ఇంకొకటి వచ్చి దాన్ని పక్కకు నెట్టేసింది.

బువ్వ వాసన వస్తే వాంతికి వస్తోంది. ఒకటే పడుకుంటోంది. మాట్లాడదు.

నిన్న సాయంత్రం సదనానికి వెళ్ళినప్పుడు సూపరింటెండెంట్ రోహిణి అడిగింది. "పిల్ల ఏమీ తినడం లేదు మేడం, పడుకునే ఉంటోంది. డాక్టర్‌ని పిలవనా?" అప్పుడు వాసంతి, పిల్లల మనసులు చదవగలదని పేరున్న వాసంతి, తన చేతులారా రిజిస్టరులో రాసింది: 'ఇంటి మీద బెంగ. బలవంతపెట్టవద్దు. పడుకోనివ్వండి.' కింద గుండ్రంగా సంతకం కూడా పెట్టింది.

ఇంట్లో వాళ్ళు నూనె అన్నారు. డాక్టరు సిగరెట్టు అన్నాడు. తను బెంగ అంది. ఇంతమంది చదువుకున్నవాళ్ళు ఉండగా ఆ పిల్ల కళ్ళు చూసింది ఈ ముసలావిడ ఒక్కతే.

ఫోన్ తీసింది. రెండు రింగులకే రోహిణి ఎత్తింది.

"రోహిణీ, హర్షిణి ఏం చేస్తోంది?"

"పడుకునే ఉంది మేడం. పొద్దున రెండు గుక్కల పాలు తాగి కక్కేసింది. మీరు రాశారు కదా బలవంతపెట్టొద్దని, అందుకని..."

"పిల్లను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి కళ్ళు చూడు. ట్యూబ్‌లైటు వెలుగులో కాదు, ఎండలో. ఇప్పుడే. నేను లైన్లోనే ఉంటాను."

అడుగుల చప్పుడు. తలుపు తీసిన చప్పుడు. "లే తల్లీ, ఒక్కసారి ఇటు చూడు" అన్న రోహిణి గొంతు. ఆ తర్వాత ఏమీ లేదు. గదిలో ముగ్గురూ ఆమె ముఖాన్నే చూస్తున్నారు.

"అయ్యయ్యో," అంది రోహిణి. "మేడం, తెల్లగుడ్లు పసుపు పూసినట్టున్నాయి. ఒళ్ళు కూడా కాలుతోంది. అయ్యో, నేను గమనించుకోలేదు మేడం..."

"తప్పు నీది కాదు. అంబులెన్సుకు ఫోన్ చెయ్యి."

ఫోన్ పెట్టేసింది గానీ ఎదుటివాళ్ళకు ఎలా చెప్పాలో తోచలేదు. చెప్పనక్కర్లేకపోయింది. సీతాబాయి అప్పటికే లేచి నిలబడింది.

"దిగలేదా?" అంది. "నా చురక పనిచెయ్యలేదా?"

"చురకతో దిగే జబ్బు కాదు పెద్దమ్మా. డాక్టరు చూడాలి."

ఆకాష్ అప్పుడే తాళాలు తీసుకుని పరుగెత్తాడు.

*

క్యాబు కొండాపూర్ దాటేసరికే పన్నెండయింది. ఆఫీసు భోజనాల వేళ, రోడ్డంతా బళ్ళు. ఆకాష్ హారన్ మీద నుంచి చేయి తీయడం లేదు. పక్క సీట్లో మమత. వెనక వాసంతి, సీతాబాయి. సీతాబాయి ఒళ్ళో స్టీలు డబ్బా.

హఫీజ్‌పేట వంతెన మీద బండి ఆగిపోయింది.

"శనివారమే పోతె అయిపోతుండె," అంది మమత ఉన్నట్టుండి. ఎవరితోనో కాదు, ముందు అద్దంతో. "ఒక్క సెలవు. సూపర్‌వైజర్‌ను అడిగెతందుకు భయపడితిని."

"నేను మాత్రం ఏం చేసిన?" అన్నాడు ఆకాష్. "అమ్మకు భ్రమ అని నవ్వితిని."

ఆ ఇద్దరూ దెబ్బలాడుకోకుండా మాట్లాడుకోవడం వాసంతి వినడం అదే మొదలు.

ఫోన్ మోగింది. రామబ్రహ్మం గారు. వాసంతి జరిగినదంతా చెప్పింది. పసుపు కొమ్ము, కామెర్లు, తను రాసిన రాత, అన్నీ. ఏదీ దాచలేదు.

"మీ కారులో ఇప్పుడు ఎవరున్నారండీ?" అన్నారాయన అంతా విని.

"వాళ్ళ కారులో నేనున్నానండీ. ముగ్గురూ ఉన్నారు."

"కాల్చిన మనిషిని పిల్ల దగ్గరకు తీసుకెళ్తున్నారా? మీకు మతి ఉందా? కుటుంబ సభ్యులెవరూ కలవకూడదని సమితి ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు రాసిన కాగితం మీద మీ సంతకమూ ఉంది."

"పిల్లకు ఒంట్లో బాగాలేదండీ. ఎవరో ఒకరు తనవాళ్ళు..."

"అది ఆలోచించడానికి డాక్టర్లున్నారు. నాకు తెలిశాక నేను పోలీసులకు చెప్పక తప్పదు. చెబుతున్నాను. మీరు మాత్రం ఆవిణ్ణి లోపలికి తీసుకెళ్ళకండి." ఫోన్ పెట్టేశారు. కఠినంగా మాట్లాడతారే గానీ ఆయన చెడ్డవారు కాదు. అదే ఇంకా భయంగా ఉంది.

సీతాబాయి అంతా విన్నది. డబ్బా మూత మీది అక్షరాన్ని వేలితో దిద్దింది.

"నన్ను జైల్ల ఏస్తరా బిడ్డా?"

వేయరని చెప్పడానికి వాసంతికి ఎంత మనసైందో! కానీ పిల్లలకైనా పెద్దలకైనా తన చేతిలో లేని మాట ఇవ్వకూడదని ఉద్యోగంలో చేరిన కొత్తలోనే ఒట్టు పెట్టుకుంది.

"తెలియదు పెద్దమ్మా. నేను రాయక తప్పదు. ఎందుకు చేశారో కూడా రాస్తాను. మీరు చెప్పబట్టే పిల్ల జబ్బు తెలిసిందని కూడా రాస్తాను. అంతవరకే నా చేతిలో ఉంది."

"రాయి," అంది సీతాబాయి. "ఉన్నదున్నట్టు రాయి. మొదలు పిల్లను దవాఖానకు చేర్చు."

*

వాళ్ళు నిజాంపేట రోడ్డు దాటి సదనం చేరేసరికి గేటు ముందు అంబులెన్సు తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. లోపల స్ట్రెచర్ ఖాళీగా ఉంది. రోహిణి పరుగెత్తుకొచ్చింది.

"రావడం లేదు మేడం. మంచం కోడు పట్టుకుని వదలడం లేదు. విడదీస్తుంటే వణికిపోతోంది. ఇంకా దూరం తీసుకెళ్తున్నామని భయమేమో. ఏం చేయాలో తోచడం లేదు."

గేటు దగ్గర వాచ్‌మన్ చేయి అడ్డం పెట్టాడు. "ఇంటోళ్ళకు పర్మిషన్ లేదు మేడం. పేర్లు రాసిచ్చిండ్రు నాకు."

"అమ్మ ఒక్కర్ని రానివ్వండి, నా పూచీ మీద," అంది వాసంతి. "మమతా, రామ్మా."

మమత కదల్లేదు.

"నేనొద్దు మేడం. నేను పోతే ఇంకా నోరు మూస్తది." గేటు ఊచ పట్టుకుంది. "ఆదివారం రాత్రి నేనే ఒట్టేయించుకున్న. ఎవలడిగినా నూనె అని చెప్పు, లేకుంటె నోరే తెరువకు, తెరిస్తె పోలీసోళ్ళు నానమ్మను తీస్కపోతరని. నా తల మీద చెయ్యి పెట్టించి ఒట్టేయించుకున్న. అత్తమ్మను తోల్కపోండ్రి."

రెండు రోజులుగా ఆ పిల్ల గోడ వైపు తిరిగి ఏం కాపాడుకుంటోందో వాసంతికి అప్పుడు అర్థమైంది. ఏడేళ్ళ పిల్ల. జ్వరం, వాంతులు, ఎరగని మంచం, ఎరగని మనుషులు. ఒక్కరితో, ఒక్క మాట కూడా అనలేదు.

వాసంతి వాచ్‌మన్ చేతిలోని రిజిస్టరు లాక్కుని రాసింది: 'సీతాబాయి, నానమ్మ. నా బాధ్యత మీద.' సంతకం పెట్టింది. నిన్నటి సంతకంలా గుండ్రంగా రాలేదు.

లోపల ఆరో మంచం. హర్షిణి రెండు చేతులతో ఇనుప కోడు కరుచుకుని ఉంది. మణికట్టు లోపలి మచ్చలు నల్లగా పక్కు కట్టాయి.

"బిడ్డా," అంది సీతాబాయి.

పిల్ల తిరిగి చూసింది. నమ్మలేనట్టు చూసింది. కోడు వదిలేసి ఒక్క ఉదుటున నానమ్మ మెడ పట్టుకుంది. రెండు రోజుల తర్వాత వచ్చిన ఆ గొంతు బొంగురుపోయి ఉంది.

"నేను చెప్పలే నానమ్మా. ఎవ్వలికి చెప్పలే. ఆ మేడం చాక్లెట్ ఇచ్చినా చెప్పలే."

సీతాబాయి భోరుమంది. వాసంతి కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"నేనే చెప్పిన తల్లీ," అంది సీతాబాయి ఏడుపు మింగుతూ. "మేడంకు నేనే చెప్పిన. ఇగ నువ్వేం దాసొద్దు. ఎక్కడ నొస్తుందో డాక్టర్ సారుకు మంచిగ చెప్పు. ఏం?"

హర్షిణి మెడ వదలకుండానే తల తిప్పింది. పసుపెక్కిన ఆ కళ్ళతో వాసంతినే చూసింది.

"మరి నానమ్మను తీస్కపోరు గద మేడం?"

తీసుకుపోరు అంటే చాలు. ఏ తల్లయినా అంటుంది, ఏ అత్తయినా అంటుంది. ఆ అబద్ధం వాసంతి నాలుక చివరిదాకా వచ్చింది.

"నాకు తెలియదు తల్లీ," అంది. "వాళ్ళొస్తే నేను మాట్లాడతాను. నానమ్మ పక్కనే ఉంటాను. అది మాత్రం ఖాయం."

పిల్ల కాసేపు ఆలోచించింది. ఆ తర్వాత నానమ్మ భుజం మీద తల వాల్చేసింది. అలాగే, విడదీయకుండా, బయటికి నడిపించుకొచ్చారు. స్ట్రెచర్ మీద పడుకోబెడుతుంటే సీతాబాయి చేతిలో డబ్బా అడ్డమైంది. వాసంతి అందుకుంది.

"పిల్లతో ఒక్కరే ఎక్కాలె," అన్నాడు అంబులెన్సు మనిషి. "జల్దీ చెప్పండ్రి, ఎవలు?"

నిబంధన ప్రకారం ఎక్కాల్సింది వాసంతి. ఒక కాలు మెట్టు మీద పెట్టింది కూడా. అప్పుడే గేటు ముందు పోలీసు బండి వచ్చి ఆగింది. హర్షిణి నానమ్మ చీర కుచ్చెళ్ళు పిడికిట బిగించి పట్టుకుని ఉంది. సీతాబాయి పోలీసు బండినీ, పిల్లనూ చూసి, మెల్లగా ఆ చిన్న వేళ్ళను ఒక్కొక్కటే విడదీయడం మొదలుపెట్టింది.

వాళ్ళొస్తే తాను మాట్లాడతానని పిల్లకు మాట ఇచ్చి ఇంకా అయిదు నిమిషాలు కాలేదు. ఈ బండి ఎక్కితే ఆ మాట పోతుంది. ఎక్కకపోతే ఉద్యోగం పోవచ్చు.

వాసంతి కాలు కిందికి దించింది.

"ఎక్కండి పెద్దమ్మా."

"నేనా?"

"ఎక్కండి. లోపల నర్సు ఉంది. మీ కొడుకూ కోడలూ వెనకే వస్తారు. డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పండి, శనివారం నుంచి." మోచేయి పట్టుకుని ఆవిడను పైకెక్కించింది.

"పిల్లతో ఎవలొస్తున్నరని రాయాలె మేడం?"

"నానమ్మ అని రాయండి."

తలుపులు మూసుకున్నాయి. అంబులెన్సు కూత వేసుకుంటూ చెరువు కట్ట మలుపు తిరిగింది. దాని వెనకే ఆకాష్ క్యాబు. వాసంతి చేతిలో స్టీలు డబ్బా ఇంకా గోరువెచ్చగానే ఉంది. పిల్లకు ఇవ్వడం మరిచిపోయింది.

వెనక బూట్ల చప్పుడు ఆగింది.

"మేడం, నమస్తే," అన్నాడు ఎస్సై, చేతిలో కాగితం విప్పుతూ. "సీతాబాయి అంటే ఎవరు?"